ఆరున్నొకటి

జూన్ 2

గడుగ్గాయికి అమ్మమ్మ రాసేది.

ముందు నీ దగ్గు తగ్గిందో లేదో రాయి, మిగతావన్నీ తర్వాత. ఫోన్లో అడుగుదామంటే నీ మాట నాకు సగమే వినపడుతుంది. రెండో సగం నేనే కల్పించుకుని రెండు రోజులు మనసు పాడుచేసుకుంటాను. ఉత్తరమే నయం. అర్థం కాకపోతే మళ్ళీ మొదట్నుంచి చదువుకోవచ్చు.

నా మోకాలు అలాగే ఉంది. మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నాను. కింది వాటాలో కుట్టుమిషను ఆయన, "పిన్నిగారూ, మీరు దిగేలోపు నాకు ఒక చొక్కా పూర్తవుతోంది" అని ఎగతాళి. అవనీ. పడ్డానంటే ఆ చొక్కా వచ్చి నన్ను లేపుతుందా?

మీ ఆఫీసు మనుషులు ఇద్దరొచ్చి మీ తాతయ్య నోటుపుస్తకాలు ముప్ఫై ఒకటీ పట్టుకెళ్ళారు. నువ్వు పంపావన్నారు కాబట్టి ఇచ్చాను. జీపు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు వంతెన దగ్గర కొలబద్ద చూసి, ఏట్లో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసిన పుస్తకాలవి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పోయినాయన రాతలు ఇప్పుడు తిరగెయ్యడం దేనికి? ఏమైనా తేడా వచ్చిందా? వస్తే దాచకుండా రాయి. దాస్తే నేను అంతకంటే పెద్దదే ఊహించుకుంటాను.

కిటికీ దగ్గర పడుకోకు.

అమ్మమ్మ

జూన్ 9

అమ్మమ్మా,

దగ్గు పోయింది. కిటికీకి ఆమడ దూరంలో పడుకుంటున్నాను. ఇంక ఊపిరి పీల్చుకో.

పుస్తకాలు భద్రంగా చేరాయి. వాటితో పనేమిటో చెబుతాను విను. నేను రాసిన పరిశోధన పేపర్లో ఉన్నది ఒక్కటే మాట: మన ఏరు మారింది. తాతయ్య ఉద్యోగం చేసిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో అన్నిటికంటే పెద్ద వరద, ముప్ఫై నాలుగేళ్ళ కిందటిది. ఆ రోజు కూడా నీళ్ళు ఆరు మీటర్ల పది సెంటీమీటర్లే. తాతయ్య చేత్తో రాసి ఉంది. ఈ ఐదేళ్ళలో రెండుసార్లు ఏడు మీటర్లు దాటింది. అంటే ఏటి గుణమే మారిపోయింది, కాబట్టి గట్టు ఎత్తు పెంచాలి. ఇదీ నా వాదన.

మా పెద్దసారు ఒప్పుకోరు. ఈ ఏరు ఆరున్నర దాటదని ఆయన ఎప్పుడో పుస్తకం రాసేశారు. అందుకని కొత్తగా బిగించిన యంత్రమే తప్పు చూపిస్తోందంటారు. జులై ఇరవై రెండున కమిటీ ముందు ఇద్దరం మాట్లాడాలి. నా మాట నిలబడితే గట్టు లేస్తుంది, నా ఉద్యోగం ఖాయమవుతుంది. నిలబడకపోతే గట్టూ లేదు, నేనూ ఇంకో చోటు వెతుక్కోవాలి. నా పక్షాన ఉన్నది తాతయ్య పుస్తకాలే.

ఒక చిన్న చిక్కు. నిన్న పెద్దసారు ఆ పుస్తకాలు తిరగేసి, "ఏమ్మాయ్, వరద తర్వాత పదకొండేళ్ళలో చివరి అంకె ఏడు అన్నది ఒక్కసారి కూడా లేదేం? మీ తాతగారు ఏటి దగ్గరికి వెళ్ళేవారా, ఇంట్లో కూర్చుని తోచింది రాసేవారా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను లెక్క చూశాను. నిజమే అమ్మమ్మా. ఎనిమిది వేల పైచిలుకు కొలతల్లో దాదాపు ఎనిమిది వందలు ఏడుతో అంతమవ్వాలి. ఒక్కటీ లేదు. వరదకి ముందు పుస్తకాల్లో మాత్రం బోలెడన్ని ఉన్నాయి. నీకేమైనా తెలుసా?

నీ గడుగ్గాయి

జూన్ 14

గడుగ్గాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి మనసు రాలేదు.

మీ తాతయ్య ఇంట్లో కూర్చుని రాశాడా? ఆ పెద్దమనిషి ఆ మాట అంటే నువ్వు వింటూ నిలబడ్డావా? పైగా అది పట్టుకుని నన్నడుగుతావా? మీ అమ్మ పెళ్ళినాడు చుట్టాలందరూ భోజనాలకి కూర్చుంటే, కొత్తబట్టల్తోనే ఏటి దగ్గరికి పోయి వచ్చాడు ఆయన. జ్వరమొచ్చినా పోయేవాడు. గొడుగు ఎగిరిపోయే గాలిలో కూడా పైమెట్టు మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, తడవకుండా వంగి రాసేవాడు. అలాంటి మనిషిని దొంగ అంటారా? మీ ఆఫీసులో ఎవరికీ పనిలేదా?

మీ శాస్త్రం మాట నాకు చెప్పకు. మీ అమ్మ పుట్టినప్పుడు నర్సమ్మ వచ్చి, పిల్లని బోర్లా పడుకోబెట్టు, వెల్లకిలా అయితే పాలు కక్కి ఊపిరాడదు అంది. నువ్వు పుట్టినప్పుడు ఇంకో నర్సమ్మ వచ్చి, బోర్లా పడుకోబెట్టావేం, పిల్లకి ఊపిరాడదు, వెల్లకిలా తిప్పు అని నన్ను కసిరింది. ఇద్దరూ తెల్లబట్టలే కట్టుకున్నారు. ఇద్దరూ పుస్తకంలో ఉందనే అన్నారు. ఎవరి మాట వినాలో తెలియక రెండు నెలలు నిన్ను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. నువ్విలా తయారయ్యావంటే అందుకే అయ్యుంటుంది.

పుస్తకాలు వెనక్కి పంపెయ్యి. ఆ కమిటీలో మీ తాతయ్య ఊసు ఎత్తకు. నాకు గుండె దడగా ఉంది. మీ అమ్మకి చెప్పకు.

అమ్మమ్మ

జూన్ 20

అమ్మమ్మా,

నేను తాతయ్యని దొంగ అనలేదు. అన్నది పెద్దసారు. ఆయన నోరు మూయించడానికే నిన్నడిగాను. నువ్వేమో నా మీదే విరుచుకుపడ్డావు.

నర్సమ్మలిద్దరూ అబద్ధం చెప్పలేదు. మొదటావిడ కాలానికి తెలియనిది రెండో ఆవిడ కాలానికి తెలిసింది, మధ్యలో ఎవరో ఓపిగ్గా చూసి లెక్కపెట్టారు కాబట్టి. శాస్త్రం మారుతుంది అమ్మమ్మా, మారడమే దాని మంచితనం. అంకె మాత్రం ఎవరికీ చుట్టం కాదు. దానికి నీ మనవరాలూ ఒకటే, పెద్దసారూ ఒకటే. నేను నమ్మేది అదొక్కటే.

ఇంకో విచిత్రం చూడు. ఇరవై ఏళ్ళుగా అందరూ ఆ పుస్తకాల నకళ్ళు వాడుకుంటున్నారు. ఏడు లేదని ఎవరికీ కనపడలేదు. ఆరు పది అన్న కొలత పెద్దసారు పుస్తకానికి బలంగా ఉన్నన్నాళ్ళూ తాతయ్య బంగారం. ఆ కొలతే పెట్టుకుని నేను ఇంకో మాట అనేసరికి తాతయ్య పనికిమాలినవాడైపోయాడు. మనుషులు అలా ఉంటారు. అంకెలు ఉండవు.

పోతే, నీ ఉత్తరంలో ఒక మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. తాతయ్య పైమెట్టు మీద కూర్చుని రాసేవాడన్నావు. పోయిన సంవత్సరం నేను అక్కడికి వెళ్ళాను. పైమెట్టు నుంచి కొలబద్ద మీద అంకెలు కనపడవు. పందొమ్మిది మెట్లు దిగాలి. మరి చూసిందెవరు?

గడుగ్గాయి

జూన్ 26

గడుగ్గాయికి,

ఈ ఉత్తరం నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను. రాసి చింపాను, మళ్ళీ రాశాను. కుట్టుమిషను ఆయన, "ఏం పిన్నిగారూ, వీలునామానా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

చూసింది నేను.

వరద వచ్చిన వారంలో మీ తాతయ్య ఆస్పత్రిలో ఉన్నాడు, కళ్ళకి ఆపరేషను చేసి కట్టు కట్టారు. కట్టు విప్పాక దగ్గరవి కనిపించాయి, దూరానివి అలికినట్టే ఉండిపోయాయి. పైకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఆ పని పోతే ఆయన బతకడు, అది నాకు తెలుసు. అందుకని రోజూ రెండు పూటలా నేను మెట్లు దిగి కొలబద్ద చూసి కేకేసేదాన్ని, ఆయన పైన కూర్చుని రాసేవాడు. పదకొండేళ్ళు. ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా తెలియదు.

ఇంక నువ్వడిగిన అంకె. ఆరు తర్వాతది, ఎనిమిదికి ముందుది. అది నేను పలకను. మా అమ్మ పలకనిచ్చేది కాదు. దాని పేరూ, కన్నీళ్ళు పెట్టుకోమని ఎదుటివాళ్ళకి చెప్పే మాటా ఒకటేగా. గింజలు కొలిచినా, బట్టలు లెక్కపెట్టినా ఆ చోట ఆరున్నొకటి అనేది. నాకూ అదే నోటికొచ్చింది. నా చేతికీ అదే వచ్చింది. ఇన్నేళ్ళ నా ఉత్తరాలు వెతుకు, ఎక్కడా కనపడదు.

వరద రోజున వంతెన పక్కనున్న కొలబద్ద గదిలో నేనొక్కదాన్నే. రీడింగు తప్పితే ఒప్పుకోనని మీ తాతయ్య ఆస్పత్రి మంచం మీద నుంచి ఒట్టు వేయించుకుని పంపాడు. నీళ్ళు గడప దాటి లోపలికొచ్చాయి. నా మోకాళ్ళు మునిగాయి. కిటికీలోంచి చూస్తే కొలబద్ద మీద ఆ అంకె దగ్గర ఉన్నాయి నీళ్ళు. గోడ ఫోను తిప్పి వరదల ఆఫీసుకి చెప్పాను.

"మట్టం ఎంతమ్మా?" అన్నాడు గుమస్తా.

"ఆరున్నొకటి బాబూ!" అన్నాను.

"ఆరు పాయింటు ఒకటా?"

"ఆఁ, ఆరున్నొకటి, ఆరున్నొకటి! తొందరగా రాసుకో, ఇక్కడ నీళ్ళొచ్చేశాయి!"

పాయింటు అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. గొంతు చించుకుని అవునన్నాను. అర్థమైందా? ఆరు పది కాదు. నీళ్ళు ఇంకా దాదాపు ఒక మీటరు పైన ఉన్నాయి. సాయంత్రానికి తీసేశాయి. ఇంకెవరూ చూడలేదు.

అప్పట్నుంచి ఆరున్నొకటి అనడానికీ భయమే. అసలు మాట అనలేను. అందుకని ఆ అంకె వచ్చినప్పుడల్లా ఒక పూట ఆరు అనేదాన్ని, ఒక పూట ఎనిమిది. వేలెడు నీళ్ళతో ఏటికేం పోతుందనుకున్నాను. మీ తాతయ్యకి తెలియదు. ఆయన రాసినదాంట్లో తప్పు లేదు, నేను చెప్పినదాంట్లోనే ఉంది.

నీ పేపరు ఆ ఆరు పది మీదే నిలబడిందని తెలిసి కూడా పోయినసారి దాచాను. తిట్టు. కానీ తిట్టి ఊరుకోకు, కమిటీకి ముందే సరిచేసుకో. పోలీసులు వస్తారా? వస్తే ముందే రాయి, ఇల్లు సర్ది ఉంచుతాను.

అమ్మమ్మ

జులై 3

అమ్మమ్మా,

ఉత్తరం అందింది. పోలీసులు రారు.

పందొమ్మిది రోజుల్లో కమిటీ. ఈ సంగతి ఎవరికీ చెప్పకు. కుట్టుమిషను ఆయనకి అసలు చెప్పకు. ముప్ఫై నాలుగేళ్ళ కిందటి మాట. వరద, భయం, ఒంటరిగా ఉన్నావు, మోకాళ్ళ లోతు నీళ్ళు. అలాంటప్పుడు ఎవరి కళ్ళకైనా నీళ్ళు ఎక్కువగానే కనిపిస్తాయి. ఆఫీసు రికార్డులో ఆరు పది అని ఉంది, తాతయ్య పుస్తకంలోనూ అదే ఉంది. రెండు చోట్ల రాసి ఉన్నదాన్ని ఒక జ్ఞాపకం కోసం కొట్టెయ్యలేం. శాస్త్రంలో అలా కుదరదు.

నువ్వు కంగారుపడకు. మందులు వేసుకో.

గడుగ్గాయి

జులై 8

నీకు,

మీ తాతయ్య కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను చూసింది చెబితే, ఆఫీసుకెళ్ళి వాళ్ళ రిజిస్టరు చూసి వచ్చి తన పుస్తకంలో అదే ఎక్కించాడు. రెండు చోట్ల ఉందన్నావే, రెండోది మొదటిదాని నకలు. నేను ఎదురుగా నిలబడి కాదంటే, "ముద్ర పడిన కాగితం అబద్ధమూ, రెండో తరగతి చదివిన నువ్వు నిజమూనా? భయంలో నీకలా కనిపించి ఉంటుంది" అన్నాడు. నోరు మూసుకున్నాను. మర్నాటి నుంచి పదకొండేళ్ళు నా కళ్ళతోనే కొలిపించుకున్నాడు. అప్పుడు మాత్రం నా చదువు అడ్డం రాలేదు.

అంకె ఎవరికీ చుట్టం కాదని రాశావు. ఆ ఉత్తరం నా దిండు కింద ఉంది. పెద్దసారుకి పనికొచ్చినన్నాళ్ళు తాతయ్య బంగారమన్నావు, నవ్వావు. ఇప్పుడు నీకు పనికొచ్చిన అంకెని నువ్వు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. నా మాట నీకు పనికొస్తే సాక్ష్యం, పనికిరాకపోతే ముసలితనమా?

నేను అనలేననే కదా మీ అందరి ధీమా. ఏడు. ఏడు మీటర్లు. రాశాను, చూసుకో. సిరా అలుక్కుంది, అయినా చదవొచ్చు. రాసినప్పట్నుంచి మీ అమ్మకేమవుతుందో, నీకేమవుతుందో అని తలుపు దగ్గరే కూర్చున్నాను. అయినా కొట్టెయ్యను.

నా జ్ఞాపకం వద్దు, సరే. కొలబద్ద గదిలో గోడకి ఆనించి ఇనప బీరువా ఉంది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ కదపలేదు. మిగతా గోడలకి ఎన్నోసార్లు సున్నం వేశారు, బీరువా వెనక వెయ్యలేదు. నీళ్ళు తీశాక గోడల చుట్టూ బురదగీత చూశాను, బీరువా సందులోకీ పోయింది. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. వచ్చి చూడండి. నీకు నీ ఉద్యోగం ఎంత ముఖ్యమో నాకు తెలియక కాదు. రోజూ దానికోసమే దండం పెట్టుకుంటున్నాను. అబద్ధం మీద దొరకమని మాత్రం పెట్టుకోలేను.

జవాబు రాయి.

అమ్మమ్మ

జులై 23

అమ్మమ్మా,

పదిహేను రోజులు నీకు జవాబు రాయలేదు. రాస్తే ఒప్పుకోవాల్సి వస్తుందని రాయలేదు. నిన్న పొద్దున కమిటీ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పటికి కూడా నోరు విప్పకూడదనే ఉంది. నీ చివరి రెండు ఉత్తరాలూ సంచిలోనే ఉన్నాయి. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

లోపల పెద్దసారు ముందు మాట్లాడారు. తాతయ్య పుస్తకాలు దొంగలెక్కలని, ఏడుల పట్టిక తెర మీద వేశారు. కానీ ఆరు పది మాత్రం నిజమేనట, ఎందుకంటే అది ఆఫీసు రికార్డులోనూ ఉంది! తనకి కావలసినంత ఉంచుకుని మిగతాది పారేస్తుంటే నాకు ఒళ్ళు మండింది. అంతలోనే తట్టింది, నేను చేస్తున్నదీ అదేనని. లేచి నీ ఉత్తరాలు రెండూ చదివాను. మొత్తం. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావన్న మాట కూడా.

ఎవరూ నవ్వలేదు. చదివాక, "నా పేపరు వెనక్కి తీసుకుంటున్నాను. ఏరు కొత్తగా మారిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు" అన్నాను.

"మంచిదమ్మాయ్. అలాగని ఒక ముసలావిడ జ్ఞాపకాన్ని రికార్డు మీద కూర్చోబెడతామా?" అన్నారు పెద్దసారు.

"సార్, ఆ రికార్డు కూడా ఆవిడ గొంతే. గుమస్తా ఏటిని చూడలేదు, ఫోన్లో ఆవిడని విన్నాడు. మీ పుస్తకం, నా పేపరు, రెండూ ఆ ఒక్క కేక మీదే కట్టాం" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సవాలక్ష మాటలు జరిగాక చివరికి తేలింది: వచ్చి గోడ చూస్తారు. ఇరవై తొమ్మిదో తేదీన. గీత ఆరున్నర కంటే పైన ఉంటే గట్టు సంగతి మళ్ళీ మొదట్నుంచి ఆలోచిస్తారు. నా ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నేను రావడం లేదు, నేనుంటే నీతో నేనే చెప్పించానంటారు.

ఇంకొకటి. కొత్త పట్టికలో ప్రతి కొలత పక్కనా చూసినవారు ఎవరు అని ఒక గడి ఉంటుంది. ఆ పదకొండేళ్ళకి తాతయ్య పేరే ఉంది. ఏం చెయ్యమంటావు? నువ్వు ఎలా అంటే అలా.

ఆ రోజు నేను రాసిన ఉత్తరానికి క్షమించమని అడగడానికి మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

గడుగ్గాయి

ఆగస్టు 1

గడుగ్గాయికి,

వచ్చారు. నలుగురు. మీ పెద్దసారు కూడా వచ్చాడు. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను, బక్కపలచగా, చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకుని ఉన్నాడు. చెప్పాలా వద్దా అని సగం దారి ఆలోచించాను. వంతెన మెట్ల దగ్గర, "అమ్మగారూ, జాగ్రత్త" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన బూట్లు నున్నగా ఉన్నాయి, నేనే ఆయన్ని పట్టుకున్నట్టయింది.

బీరువా కాళ్ళు తుప్పుపట్టి నేలకి అతుక్కుపోయాయి. గునపం తెప్పించి పెకలించారు. నేను అటు తిరిగి నిలబడ్డాను. గీత లేకపోతే నీ మొహం ఎలా చూడాలి? ఉంటే మీ తాతయ్య ఫొటో మొహం ఎలా చూడాలి? వెనక నుంచి ఒకడు, "ఉంది సార్" అన్నాడు.

మూడుకాళ్ళ యంత్రం నిలబెట్టి, అవతల కొలబద్ద దగ్గర ఒకణ్ణి నిలబెట్టి, అరగంట చూశారు. వాళ్ళలో గడ్డం ఉన్నాయన కాగితం మీద కూడి, "ఆరు మీటర్ల ఎనభై నాలుగు" అన్నాడు.

మళ్ళీ చూడమన్నాను. పాపం మళ్ళీ చూశాడు. అదే వచ్చింది.

వాళ్ళు రాసుకున్న ఆరు పదీ కాదు, నేను ఇంతకాలం గుండెల్లో పెట్టుకున్నదీ కాదు. ఎవరైనా అడిగితే నీ మీద ఒట్టేసి చెప్పేదాన్ని ఏడని. "అలలు కొట్టి ఉంటాయి అమ్మగారూ. నీళ్ళు ఎగిరెగిరి కొలబద్ద మీద ఏడు అంకెని తాకుతుంటే భయంలో మట్టం అక్కడే అనిపిస్తుంది" అన్నాడు పెద్దసారు. మీ తాతయ్య అన్నదీ, నువ్వు రాసిందీ అదే. కోపం రావాలి, రాలేదు. మీరు కాగితాన్ని అడిగి నన్ను కాదన్నారు. ఈయన గోడని అడిగి కాదన్నాడు.

తర్వాత ఆయన బయటికొచ్చి, "నా పుస్తకంలో ఆ పేజీ కొట్టెయ్యాలి" అన్నాడు, నాతో కాదు, ఎవరితోనూ కాదు. గట్టు ఎనిమిది మీటర్లు ఉండాలని అక్కడే తమలో తాము వాదించుకున్నారు. గుండీ సంగతి అప్పుడు చెప్పాను. సరిచేసుకున్నాడు.

నీ ఉద్యోగం గురించి అడగాలని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే నీకు మంచో చెడో తెలియక ఊరుకున్నాను. ఉంటే ఉంటుంది. పోతే ఇక్కడికి రా. మంచం కిటికీకి దూరంగా జరిపించాను.

నువ్వు క్షమాపణ అడిగావు. ఆ పని తర్వాత, ఎదురుగా వచ్చినప్పుడు.

గడి సంగతి. మీ తాతయ్య పేరు కొట్టెయ్యకు. రాసింది ఆయన, చూసింది నేను. ఇద్దరినీ రాయి, అదే నిజం. చివరి అంకె దగ్గర నేను తప్పుకున్నానని కూడా రాయి. ఆ వరద రోజు దగ్గర ఆరు పది కొట్టేసి ఆరు ఎనభై నాలుగు వేసి, నేను చెప్పిన ఏడు కూడా పక్కన ఉంచు. చూసినావిడ భయపడి ఉందని ఒక్క ముక్క చేర్చు. గడిలో పట్టకపోతే కింద చిన్నగా రాయి. ముందు ముందు చదివేవాళ్ళు ఎంత తగ్గించుకోవాలో వాళ్ళే చూసుకుంటారు.

అమ్మమ్మ